డీఎన్‌ఏ వికటకవి ఎందుకు కాదు?

పోయిన సెమిస్టర్ ల్యాబ్ వైవాలో ఎగ్జామినర్ సార్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "పాలిండ్రోమ్ అంటే ఏంటమ్మా?" అని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వికటకవి సార్! ఎటు నుంచి చదివినా ఒకటే" అన్నాను. తెలుగు క్లబ్ మెంబర్‌ని కదా, ఆ మాత్రం గర్వం ఉంటుంది. పక్కన నిలబడ్డ మా బ్యాచ్‌వాళ్లు కూడా తలలు ఊపారు.

ఆయన నవ్వి ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. "ఎకో ఆర్‌వన్ ఎంజైమ్ ఏ వరసని కత్తిరిస్తుందో రాయి." రాశాను: జీ-ఏ-ఏ-టీ-టీ-సీ. "ఇప్పుడు వెనక నుంచి చదువు." సీ-టీ-టీ-ఏ-ఏ-జీ. "రెండూ ఒకటేనా?" కాదు. "మరి వికటకవి ఎక్కడుందమ్మా ఇందులో?"

నాకు నోట మాట రాలేదు. కాగితం మీద ఆరు అక్షరాలు నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఉన్నాయి. వైవాలో ఎన్ని మార్కులొచ్చాయో ఇక్కడ రాయను. కానీ ఆ రోజు సాయంత్రం మా సీనియర్ల దగ్గర్నుంచి దిగుమతి అయిన నోట్స్ తీసి చూస్తే అందులో కూడా "పాలిండ్రోమ్ = వికటకవి, కిటికి" అని ఎర్ర ఇంకుతో బాక్స్ కట్టి ఉంది. ఆ నోట్స్ ఇప్పుడు జూనియర్ల చేతుల్లో ఉంది. అందుకే ఈ వ్యాసం. కంప్యూటర్స్, మెకానికల్ వాళ్లు కూడా భయపడకుండా చదవొచ్చు, బయాలజీ ఏమీ గుర్తు లేకపోయినా పర్వాలేదు.

మాది నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి. నలభై నాలుగో నంబర్ జాతీయ రహదారి మీద వెళ్లినవాళ్లందరికీ మా ఊరి టోల్‌ప్లాజా గుర్తుండే ఉంటుంది. ఆ వైవా అయ్యాక సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తూ, టోల్ దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే నాకు అసలు విషయం బుర్రకెక్కింది. ('కిటికి' నిజంగానే పాలిండ్రోమ్, అది వేరే విషయం.)

చూడండి. హైవే అంటే ఒక రోడ్డు కాదు, మధ్యలో డివైడర్ ఉన్న రెండు రోడ్లు. ఒకటి నాగ్‌పూర్ దిక్కు పోతుంది, ఇంకోటి హైదరాబాద్ దిక్కు వస్తుంది. ఏ డ్రైవరైనా తన ఎడమ పక్క దుకాణాలే చూసుకుంటూ, తన దిక్కుకే పోవాలి. రాంగ్ రూట్‌లో నడపకూడదు. డీఎన్‌ఏ కూడా అచ్చం ఇలాంటిదే. రెండు పోగులుంటాయి, ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి. ప్రతి పోగునీ ఫైవ్ ప్రైమ్ అనే కొస నుంచి త్రీ ప్రైమ్ అనే కొస వైపు చదవడం పద్ధతి.

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఒక రూల్ పెట్టుకుందాం. ఒక పక్క ఏటీఎం ఉంటే సరిగ్గా దానికి ఎదురుగా అవతలి పక్క టీ కొట్టు ఉండి తీరాలి. ఒక పక్క గోడౌన్ ఉంటే ఎదురుగా సిమెంటు దుకాణం. ఏ-కి ఎదురు టీ, జీ-కి ఎదురు సీ అన్నమాట. డీఎన్‌ఏలో జతలు కుదిరేది ఇలాగే.

నాగ్‌పూర్ వెళ్లే లారీ డ్రైవర్‌కి ఎడమ పక్క వరసగా గోడౌన్, ఏటీఎం, ఏటీఎం, టీ కొట్టు, టీ కొట్టు, సిమెంటు దుకాణం తగిలాయనుకోండి. అంటే జీ-ఏ-ఏ-టీ-టీ-సీ. మన రూల్ ప్రకారం వీటికి ఎదురుగా అవతలి పక్క ఏముంటాయి? సిమెంటు, టీ, టీ, ఏటీఎం, ఏటీఎం, గోడౌన్. కానీ ఇది మనం ఇవతలి నుంచి తల తిప్పి చూస్తే కనిపించే వరస. అవతలి రోడ్డు మీద డ్రైవర్ అటు చివర నుంచి వస్తున్నాడు కదా! అతనికి ముందు తగిలేది గోడౌన్. తర్వాత ఏటీఎం, ఏటీఎం, టీ, టీ, సిమెంటు.

ఇద్దరు డ్రైవర్లు ఎదురెదురు దిక్కుల్లో పోతూ ఒకే వరస చూశారు. అదీ డీఎన్‌ఏ పాలిండ్రోమ్. ఒకే పోగుని ముందుకీ వెనక్కీ చదవడం కాదు, రెండు పోగుల్ని ఎవరి దిక్కులో వాళ్లు చదివితే ఒకే మాట రావాలి. వైవాలో నేను చేసిన తప్పు ఏంటంటే, ఒకే రోడ్డు మీద రివర్స్ గేర్ వేశాను.

వికటకవికి ఈ పరీక్ష పెడితే ఫెయిలవుతుంది. అది ఐదు అక్షరాల మాట, మధ్యలో 'ట' ఒంటరిగా ఉంది. డీఎన్‌ఏలో ఐదు అక్షరాల పాలిండ్రోమ్ కావాలంటే మధ్య అక్షరం తనకు తానే జత కావాలి, అంటే ఏటీఎంకి ఎదురుగా ఏటీఎం ఉండాలి. మన రూల్ ఒప్పుకోదు. అందుకే నిఖార్సైన డీఎన్‌ఏ పాలిండ్రోమ్‌లన్నీ సరిసంఖ్యలో ఉంటాయి: నాలుగు, ఆరు, ఎనిమిది. హిన్ఫ్ వన్ అనే ఎంజైమ్ జీ-ఏ-టీ-సీ మధ్యలో ఏదో ఒక అక్షరం ఉంటే చాలు అంటుంది. ఐదు అక్షరాలే, కానీ ఆ నడిమి అక్షరం ఏదైనా దానికి పట్టింపు లేదు. దాన్ని లెక్కలోంచి తీసేస్తే మళ్లీ నాలుగే.

తెలుగు సాహిత్యంలో దీనికి దగ్గరి చుట్టం ఎవరా అని వెతికితే నాకు పింగళి సూరన దొరికాడు. పదహారో శతాబ్దం నాటి కళాపూర్ణోదయంలో ఒక పద్యం ఉంది. మొదటి నుంచి చదివితే తెలుగు, చివరి నుంచి వెనక్కి చదివితే సంస్కృతం! రెండూ అర్థవంతమే. డీఎన్‌ఏలో చాలా భాగం ఇలాగే పనిచేస్తుంది. ఒక పోగు మీద ఒక జన్యువు, ఇంకో చోట అవతలి పోగు మీద, ఎదురు దిశలో మరో జన్యువు. ఏ పోగుని చదివితే ఆ మాట. అయితే సూరన పద్యంలో రెండు వైపులా రెండు భాషలు, మన పాలిండ్రోమ్‌లో రెండు వైపులా ఒకే మాట. ఆ మాట దగ్గరే కత్తి పడుతుంది.

కత్తి సంగతికి వద్దాం. రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌లు బ్యాక్టీరియాలు తయారుచేసుకునే ప్రోటీన్లు. బ్యాక్టీరియాలకి కూడా వైరస్‌లు పడతాయి, వాటిని ఫేజ్‌లంటారు. ఫేజ్ తన డీఎన్‌ఏని బ్యాక్టీరియా లోపలికి ఎక్కిస్తుంది. ఆ బయటి డీఎన్‌ఏని ముక్కలు చేయడానికే ఈ ఎంజైమ్‌లు. 1950ల మొదట్లో లూరియా, బెర్టానీ లాంటి వాళ్లు ఒక వింత గమనించారు. ఒక రకం బ్యాక్టీరియాలో బాగా పెరిగిన ఫేజ్ ఇంకో రకం బ్యాక్టీరియాలోకి వెళ్తే సరిగ్గా పెరగదు. దాని పెరుగుదలకి కట్టడి పడుతుంది. 'రిస్ట్రిక్షన్' అనే పేరు అక్కడిదే. ఎందుకిలా అని 1960లలో వెర్నర్ ఆర్బర్ తవ్వాడు. 1970లో హామిల్టన్ స్మిత్, తన సహచరులతో కలిసి, ఒక ఖచ్చితమైన వరస దగ్గరే కత్తిరించే ఎంజైమ్‌ని పట్టుకున్నాడు. హిండ్ టూ దాని పేరు. మరుసటి ఏడే డేనియల్ నేథన్స్ దాంతో ఒక కోతి వైరస్ డీఎన్‌ఏని పదకొండు ముక్కలు చేసి చూపించాడు. ఈ ముగ్గురికీ 1978లో నోబెల్ వచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు, పరీక్షలో ఇంతకంటే అడగరు.

అసలు ప్రశ్న వేరే ఉంది. లక్షల అక్షరాల్లో ఈ ఎంజైమ్‌లు పాలిండ్రోమ్‌లనే ఎందుకు పట్టుకుంటాయి? నోట్స్‌లో ఇది ఉండదు. "రికగ్నైజెస్ పాలిండ్రోమిక్ సైట్స్" అని రాసి ఊరుకుంటారు. నాకైతే ఈ సబ్జెక్ట్ మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఈ జవాబే.

ఎకో ఆర్‌వన్ ఒంటరిగా పనిచేయదు. అది జంట. అచ్చంగా ఒకేలా ఉండే రెండు ప్రోటీన్ ముక్కలు, ఒక్కోటి 277 అమైనో ఆమ్లాలు, ఒకదానికొకటి ఎదురుగా అతుక్కుని ఉంటాయి. రెండు చేతులు జోడించి మధ్యలో చెరుకుగడ పట్టుకున్నట్టు ఊహించుకోండి. ఒక్కో చేయి తనవైపు ఉన్న సగాన్నే తడుముతుంది: జీ-ఏ-ఏ. ఎదురు చేయి అవతలి కొస నుంచి తనవైపు సగాన్ని తడుముతుంది: దానికీ జీ-ఏ-ఏ తగలాలి. రెండు చేతులూ ఒకటే కాబట్టి రెండు చేతులకీ తగిలే మాట కూడా ఒకటే అయి ఉండాలి. రెండు పోగుల్లోనూ, ఎవరి దిక్కులో వాళ్లకి, ఒకటే మాట. అంటే పాలిండ్రోమ్! కత్తికి రెండు సమానమైన సగాలు ఉన్నాయి కాబట్టి అది కోసే చోటుకీ రెండు సమానమైన సగాలు ఉన్నాయి.

పొదుపు చూడండి. మూడు అక్షరాలు చదవగలిగే ప్రోటీన్‌కి ఒకే జన్యువు చాలు. దాన్నే రెండు కాపీలు తీసి జత కడితే ఆరు అక్షరాలు చదివే యంత్రం తయారైంది. పైగా డీఎన్‌ఏకి రెండు పోగులుంటాయి, రెండూ తెగాలి. ఒక్కో చేతిలో ఒక్కో కత్తి ఉంది కాబట్టి రెండూ తెగుతాయి. ఈ కోతకి మెగ్నీషియం కావాలి. బఫర్‌లో అది లేకపోతే ఎంజైమ్ డీఎన్‌ఏని పట్టుకుంటుంది కానీ కోయదు. ఆరింటిలో ఒక్క అక్షరం మారినా కోత వేగం లక్షల రెట్లు పడిపోతుంది.

ఎంజైమ్‌లన్నీ ఇలాగే ఉంటాయా? ఉండవు. ఎకో పీ-ఫిఫ్టీన్ వన్ అని ఇంకో తెగది ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో దేశిరాజు ఎన్. రావు గారి ల్యాబ్ ఈ తెగ మీద చాలా పనిచేసింది. అది చదివేది సీ-ఏ-జీ-సీ-ఏ-జీ. పాలిండ్రోమ్ కాదు. కోసేది కూడా అక్కడ కాదు, అక్కడి నుంచి పాతిక అక్షరాల అవతల. కానీ తమాషా ఏంటంటే, డీఎన్‌ఏ మీద ఈ మాట ఒక్క చోట ఉంటే దానికి సరిగ్గా కోత కుదరదు. ఇంకో చోట ఇదే మాట ఎదురు ముఖంగా ఉండాలి. పాలిండ్రోమ్ వద్దన్నది కూడా చివరికి ఎదురెదురు జంటనే వెతుక్కుంటుంది!

ఇప్పుడు మీకు ఒక అనుమానం రావాలి. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో కూడా జీ-ఏ-ఏ-టీ-టీ-సీ ఉంటుంది కదా. తన కత్తితో తనే ఎందుకు కోసుకోదు?

మా ఇందల్వాయి టోల్ దగ్గరికి మళ్లీ రండి. అద్దం మీద ఫాస్టాగ్ ఉంటే గేటు లేస్తుంది, లేకపోతే ఆగాలి. బ్యాక్టీరియా కూడా తన డీఎన్‌ఏకి ట్యాగ్ అంటించుకుంటుంది. ఎకో ఆర్‌వన్‌కి తోడుగా మిథైలేజ్ అనే ఇంకో ఎంజైమ్ ఉంటుంది. అది వరసలో రెండో ఏ మీద చిన్న మిథైల్ గుంపుని తగిలిస్తుంది. ట్యాగ్ ఉన్నచోట కత్తి పడదు. బయటి నుంచి వచ్చిన ఫేజ్‌కి ట్యాగ్ ఉండదు, అది ముక్కలవుతుంది. ఒకవేళ అదృష్టం బాగుండి ఏదో ఒక ఫేజ్ తప్పించుకుని అక్కడే పిల్లల్ని పెడితే, వాటికి కూడా ట్యాగ్ పడిపోతుంది. తర్వాత అవి ఆ బ్యాక్టీరియాలో హాయిగా తిరుగుతాయి. 1950లలో వాళ్లు చూసిన వింత ఇదే.

ఇక్కడ కూడా పాలిండ్రోమ్ ఇంకో లాభం చేస్తుంది. కణం విడిపోయేముందు డీఎన్‌ఏ రెండు పోగులూ విడిపోయి, ఒక్కో పాత పోగుకి ఒక్కో కొత్త పోగు పుడుతుంది. కొత్త పోగు మీద ట్యాగ్ ఇంకా పడలేదు. కానీ మాట రెండు పోగుల మీదా ఉంది కాబట్టి, మొదటి నుంచీ ట్యాగులు కూడా రెంటి మీదా ఉన్నాయి. అంటే పిల్ల డీఎన్‌ఏల్లో ప్రతిదానికీ ట్యాగ్ ఉన్న పాత పోగు ఒకటి వస్తుంది. ఆ ఒక్క ట్యాగ్ కాపాడుతుంది, ఈలోపు మిథైలేజ్ వచ్చి కొత్త పోగుకి కూడా అంటిస్తుంది. ట్యాగ్ ఒక పోగుకే ఉండుంటే, రెండో పిల్ల పుట్టగానే కత్తికి బలైపోయేది. దీన్ని ఎవరు ఇంత జాగ్రత్తగా డిజైన్ చేశారు అని అడగాలనిపిస్తుంది, ఎవరూ చేయలేదు.

కోత ఎలా పడుతుందో చూద్దాం. ఎకో ఆర్‌వన్ ప్రతి పోగులోనూ జీ-కీ ఏ-కీ మధ్య కోస్తుంది. హైవే మీద అయితే, ప్రతి డ్రైవర్‌కీ గోడౌన్ దాటగానే రోడ్డు తవ్వేశారన్నమాట. రెండు గోడౌన్లు రెండు చివర్లలో ఉన్నాయి కాబట్టి రెండు గుంతలూ ఎదురెదురుగా పడవు, నాలుగు దుకాణాల దూరంలో పడతాయి. విడిపోయాక ప్రతి ముక్క చివరా ఏ-ఏ-టీ-టీ అనే ఒంటిపోగు తోక వేలాడుతుంది. దీన్నే స్టికీ ఎండ్ అంటారు, అతుక్కునే కొస. ఎకో ఆర్‌ఫైవ్ లాంటివి నట్టనడుమ కోస్తాయి, అప్పుడు తోకలు ఉండవు, మొండి కొసలు వస్తాయి.

ఏ-ఏ-టీ-టీ కూడా చిన్న పాలిండ్రోమే అని గమనించారా? అందుకే ఎకో ఆర్‌వన్ కోసిన ఏ కొసైనా, ఎకో ఆర్‌వన్ కోసిన ఇంకే కొసతోనైనా జత కుదురుతుంది. మనిషి డీఎన్‌ఏ ముక్క, ఈస్ట్ డీఎన్‌ఏ ముక్క, వైరస్ ముక్క, ఏదైనా సరే. లైగేజ్ అనే ఎంజైమ్‌తో అతికించేస్తే అయిపోయింది. 1973లో కోహెన్, బోయర్ చేసింది ఇదే. జెనెటిక్ ఇంజినీరింగ్ అంతా ఆ నాలుగక్షరాల తోక పట్టుకుని బయల్దేరింది.

ఈ సుగుణమే ల్యాబ్‌లో తలనొప్పి కూడా. అందరితో కలిసేది తనతో తను కూడా కలుస్తుంది. ప్లాస్మిడ్‌ని తెరిచి మన జన్యువు పెట్టేలోపు అది మళ్లీ మూసుకుపోతుంది. ఒకవేళ జన్యువు ఎక్కినా, సరిగ్గా ఎక్కిందా తలకిందులుగా ఎక్కిందా చెప్పలేం, రెండు కొసలూ ఒకటే కదా! తలకిందులైతే ప్రోటీన్ రాదు. అందుకే ఒక కొసని ఎకో ఆర్‌వన్‌తో, రెండో కొసని హిండ్ త్రీ లాంటి వేరే ఎంజైమ్‌తో కోస్తారు. అప్పుడు ఒకే రకంగా అమరుతుంది. జూనియర్స్, "రెండు ఎంజైమ్‌లు ఎందుకు వాడతారు" అన్నది వైవాలో తరచూ వచ్చే ప్రశ్న, రాసిపెట్టుకోండి.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే పని అనుకోకండి. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి వ్యాక్సిన్ తెచ్చింది. వైరస్ పైపొర ప్రోటీన్ తాలూకు ఒక్క జన్యువుని ఈస్ట్‌లో పెట్టి, ఈస్ట్ చేత ఆ ప్రోటీన్ చేయించడం. కోసి అతికించే విద్య లేకుండా ఇది పుట్టేది కాదు. దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి వ్యాక్సిన్ అదే. కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు తర్వాత 'హాసం' పత్రిక కూడా నడిపించారని మన క్లబ్‌లో ఎంతమందికి తెలుసు? జన్యువులకీ జోకులకీ మధ్య అంత దూరం లేదన్నమాట.

రెండోది సీసీఎంబీ. 1980ల చివర్లో అక్కడ లాల్జీ సింగ్ గారు డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని మన దేశంలో నిలబెట్టారు. మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల చిన్న వరసలు మళ్లీ మళ్లీ రిపీట్ అవుతాయి. ఎన్నిసార్లు అన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఆ రిపీట్‌లకి అటూ ఇటూ కోసే ఎంజైమ్ వాడితే, ఒకరికి పొడుగు ముక్క, ఇంకొకరికి పొట్టి ముక్క వస్తుంది. ముక్కల్ని జెల్ మీద పరిగెత్తించి, వాటిలో మనకి కావాల్సినవి మాత్రమే కనిపించేలా ఒక ప్రోబ్ తగిలిస్తారు. లాల్జీ సింగ్ గారి ప్రోబ్ ఒక పాము డీఎన్‌ఏ నుంచి వచ్చింది, పసుపూ నలుపూ పట్టీలుండే కట్లపాము జాతిది. ఆ పాముల శాస్త్రీయ నామం బంగారస్. పద్దెనిమిదో శతాబ్దంలో కోరమండల్ తీరాన పాముల్ని సేకరించిన పాట్రిక్ రసెల్, మనవాళ్లు 'బంగారు పాము' అనడం విని రాసుకున్న పేరే అలా లాటిన్‌లోకి వెళ్లింది. కేరళలో ఒక పితృత్వ వివాదం నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా హైదరాబాద్ ల్యాబ్ గీతలు సాక్ష్యం చెప్పాయి. ఈ రోజుల్లో ఆ పనికి ఎంజైమ్ కోతలు పెద్దగా వాడట్లేదు, పీసీఆర్ వచ్చేసింది. అయినా మొదటి అడుగు ఈ కత్తిదే.

ఈ పాముకథ సంక్రాంతికి మా మామకి చెప్పడమే నా కొంప ముంచింది. మా మేనమామ వాళ్లది ఆర్మూర్ దిక్కు, పసుపు పండిస్తారు. అంతా విని ఆయన అన్నాడు, "కోడలా, మనిషిది చెప్తదంటవ్ గదా. మరి పసుపుది చెప్తదా? మనది గీడ పండిన అసలు పసుపని మిషన్ల పెట్టి కాయితం ఇస్తే, నిజామాబాద్ యార్డుల రేటు ఎందుకు రాదు? అడ్డమైన కల్తీ పొడికి పడ్డ రేటే మనకూ పడ్తాంది."

నేను అప్పుడే అవునని చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. ఒక కవర్‌లో రెండు పచ్చి కొమ్ములు కట్టుకుని కాలేజీకి తెచ్చుకున్నాను. మినీ ప్రాజెక్ట్ అదే పెట్టుకున్నాం.

మొదటిసారి పూర్తిగా ఫెయిల్. కొమ్ము నూరి డీఎన్‌ఏ తీస్తే గోధుమరంగులో, జిగురుగా, గంజిలా వచ్చింది. ఎకో ఆర్‌వన్ వేసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టి జెల్ నడిపిస్తే ఒక్క ముక్క కూడా తెగలేదు. పైన బావి దగ్గరే మొత్తం ఇరుక్కుని కూర్చుంది. ఎంజైమ్ పాడైందేమో అన్నారు మావాళ్లు. ఎంజైమ్ ఎక్కువ వేద్దాం అన్నారు ఇంకొందరు. అది తప్పు. ఎంజైమ్‌ని 50 శాతం గ్లిసరాల్‌లో నిల్వ చేస్తారు, ఎక్కువ పోస్తే గ్లిసరాల్ పెరిగి కత్తికి పిచ్చెక్కుతుంది, తన వరస కాని చోట్ల కూడా కోస్తుంది. దాన్ని స్టార్ యాక్టివిటీ అంటారు. మొత్తం రియాక్షన్‌లో ఎంజైమ్ పదో వంతు దాటకూడదు.

అప్పుడు మా ల్యాబ్ మేడం ఒక ఉపాయం చెప్పారు. లాంబ్డా ఫేజ్ డీఎన్‌ఏ అందరికీ తెలిసిన సరుకు, పొడవు 48,502 అక్షరాలు. ఒక ట్యూబ్‌లో లాంబ్డా ఒక్కటే పెట్టి కోయండి, ఇంకో ట్యూబ్‌లో లాంబ్డాతో పాటు మీ పసుపు డీఎన్‌ఏ కలిపి కోయండి అన్నారు. మొదటి ట్యూబ్‌లో లాంబ్డా చక్కగా తెగింది. రెండో ట్యూబ్‌లో లాంబ్డా కూడా తెగలేదు! అంటే ఎంజైమ్ బాగానే ఉంది, మన పసుపు గంజిలోనే ఏదో దాని చేతులు కట్టేస్తోంది. పసుపు దుంపలో పిండిపదార్థాలూ, పాలీఫినాల్స్ బోలెడు. అవి డీఎన్‌ఏతో పాటే వచ్చేసి ఎంజైమ్‌ని పనిచేయనివ్వవు. ఈ చిన్న ప్రయోగం నాకు సెమిస్టర్ మొత్తంలో నేర్చుకున్నదానికంటే ఎక్కువ నేర్పింది.

లాంబ్డా జెల్ దగ్గర ఇంకో తమాషా. ఆరు అక్షరాల మాట ఎన్ని అక్షరాలకి ఒకసారి వస్తుంది? నాలుగుని ఆరుసార్లు గుణిస్తే 4,096. లాంబ్డా పొడవుని దీంతో భాగిస్తే దాదాపు 12 కోతలు పడాలి. నిజానికి పడేవి ఐదే. డీఎన్‌ఏ లాటరీ తీసినట్టు కలిపిన అక్షరాలు కాదు కదా. ఐదు కోతలకి ఆరు ముక్కలు రావాలి: 21,226, 7,421, 5,804, 5,643, 4,878, 3,530. కూడి చూసుకోండి, సరిగ్గా 48,502. కానీ జెల్ మీద మాకు కనిపించిన గీతలు ఐదు. మా బ్యాచ్‌లో పెద్ద గొడవే అయింది. 5,804, 5,643 పక్కపక్కనే పరిగెత్తి ఒకే గీతలా కలిసిపోతాయని చివరికి తేలింది. మీ రికార్డులో ఆరు గీతలు బొమ్మ గీసి ఉంటే, చూసి గీశారా చూడకుండా గీశారా అని ఎగ్జామినర్‌కి తెలిసిపోతుంది.

రెండోసారి దుంప కాకుండా లేత ఆకు తీసుకున్నాం. మామే పంపాడు, బస్సు డ్రైవర్ చేతికిచ్చి, తడిగుడ్డలో చుట్టి. ఈసారి డీఎన్‌ఏ తెల్లగా, దారంలా వచ్చింది. ఎకో ఆర్‌వన్ తెగకోసింది. జెల్ మీద గీతలు రాలేదు, పైనుంచి కింది దాకా ఒకటే మెరుపు మరక. ఎందుకంటే పసుపు జీనోమ్ దాదాపు వంద కోట్ల అక్షరాలు. భోపాల్ ఐసర్ వాళ్లు 2021లో ప్రకటించిన లెక్క అది. దాన్ని 4,096తో భాగిస్తే సుమారు రెండున్నర లక్షల ముక్కలు. అన్ని గీతలు ఒకదాని మీద ఒకటి పడితే మరకే కదా.

ఆ ఫొటో మామకి వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను. నిజం చెప్పాలి కాబట్టి చెప్పాను. పసుపుకి గింజ ఉండదు, దుంప ముక్కే విత్తనం. మూడు సెట్ల క్రోమోజోముల మొక్క, మొత్తం 63, అందుకే సరిగ్గా గింజ కట్టదు. అంటే మన చేనులో ఉన్నవన్నీ ఒకే మొక్కకి కాపీలు లాంటివి. అదే విత్తనం మహారాష్ట్రలో నాటినా దాని డీఎన్‌ఏ ఇదే. కాబట్టి ఇక్కడ పండింది, అక్కడ పండింది అని ఈ కత్తి చెప్పలేదు. పైగా యార్డుకి వచ్చే పసుపుని ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టి తెస్తాం, ఆ వేడికి డీఎన్‌ఏ చాలావరకు చితికిపోతుంది. ఇక పొడిలో పసుపు కాని వేరే దుంప కలిపారా అన్నది మాత్రం డీఎన్‌ఏతో పట్టొచ్చు. దానికి వట్టి కోత చాలదు, పీసీఆర్‌తో ఒక చిన్న భాగాన్ని పెంచి అప్పుడు చూడాలి.

మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే కల్తీ జేసినోన్ని పట్టొచ్చు గని మనకు కాయితం ఇయ్యరాదు" అన్నాడు.

"అంతే మామా."

"మరి గా ఫొటోల తెల్లగ గీరినట్టు ఉన్నది ఏంది?"

"అదే మామా, మీ పసుపు. రెండున్నర లక్షల ముక్కలు."

"గన్ని ముక్కలు జేసి ఒక్కటి గూడ సక్కగ కనవడకపాయె" అని నవ్వి పెట్టేశాడు. వచ్చే సెమిస్టర్‌కి పీసీఆర్ ప్రైమర్లు ఆర్డర్ పెట్టాం. ఈసారి కవర్‌లో ఆకులతో పాటు అంగడిలో కొన్న మూడు రకాల పొడి ప్యాకెట్లు కూడా తెస్తానని మామ అన్నాడు.